తీసేసిన వరసలు

గోడమీది తెరలో అంకెలు ఆగిపోయాయి. ఒక్క నిమిషం కిందటి వరకు ఎర్రగా ఒకదాన్నొకటి తోసుకుంటూ కిందికి జారినవి ఇప్పుడు ఎక్కడివక్కడ బిగుసుకుపోయి ఉన్నాయి. మార్కెట్టు తెరిచీ తెరవగానే నూటికి పది పడిపోయిందట, అంత పడితే దేశమంతా గంటసేపు మూసెయ్యాలని రూలట. ఆ మాటే బ్రోకరాఫీసు మేనేజరు శ్రీనివాసప్ప లేచి నిలబడి మూడుసార్లు చెప్పాడు, కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి, ఎవరికీ అక్కరలేని ఇంగ్లీషులో ఒకసారి. పదీ యాభై అయిదుకు మళ్ళీ తెరుస్తారు. ఇంకా గంట ఉంది. రాజగోపాల్ తన చేతి గడియారం చూసుకుని, గోడ గడియారం చూశాడు. రెంటికీ నాలుగు నిమిషాలు తేడా. ఏది సరైనదో ఎవరినైనా అడుగుదామనుకున్నాడు గానీ ఆ గదిలో ఉన్న ఇరవైమందీ తెరనే చూస్తున్నారు, ఆగిపోయిన తెరను, కదిలే తెరకంటె శ్రద్ధగా. పక్క కుర్చీలో అతని భార్య మార్త హ్యాండుబ్యాగు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించి కూచుంది. కాళ్ళకు ఇంకా ఆస్పత్రి తెల్లబూట్లే ఉన్నాయి. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చింది. పదిహేనేళ్ళ కాపురంలో ఆ బూట్లతో ఆమెను ఆస్పత్రి బయట చూడడం ఇదే మొదలు. మిగతావేవీ మనసుకు పట్టకుండా ఆ సంగతి ఒక్కటే పట్టుకుంది. ఎడమ బూటు కొస మీద చిన్న గోధుమరంగు మరక, అయోడినేమో, ఎవరి గాయానిదో.

తొమ్మిదింబావుకు ఫోను చేసింది. హూడి ఆఫీసులో అతను అప్పుడే కంప్యూటరు ముందు కూచుని, మూడువందల మంది జీతాల లెక్కలు తెరుస్తున్నాడు. "రాజూ, మారతహళ్ళిలో బేకరీ పైన ఒక ఆఫీసుండాది. ఒకసారి రా" అంది. అంత మెత్తగా ఆమె రోగుల బంధువులతో మాత్రమే మాట్లాడుతుంది. "అక్షరకేమన్నా అయిందా?" అన్నాడు. "బడికి పోయింది. నువ్వు రా." ఆటో ఎక్కాడు. కుందలహళ్ళి గేటు దగ్గర ఆటో ఆగిపోయిన పది నిమిషాలూ పాప మొహమే కళ్ళ ముందుంది. బేకరీ పక్క మెట్లెక్కుతుంటే బన్నుల వాసన, తలుపు మీద షేర్ల బ్రోకరు బోర్డు. ఆ బోర్డు చూశాక పాప మొహం చెరిగిపోయి ఇంకో భయం పట్టుకుంది. కనిపెట్టేసింది. ఆ ఫైలు చూసేసింది. ఇక్కడికి పిలిచి నలుగురిలో కడిగేస్తుంది. ఆ మిగిలిన ఎనిమిది మెట్లలో జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు: ఒక్క రూపాయి పెట్టలేదు మార్తా, ఉత్తుత్తి ఆట, ప్రాక్టీసు, పిల్లలు ఇసకలో ఇల్లు కట్టినట్టు, మాట తప్పలేదు, కావాలంటే బ్యాంకు పుస్తకం చూడు. తలుపు తోసేసరికి ఆమె లేచి ఎదురొచ్చింది. అతను నోరు తెరవకముందే "నేను పెట్టినాను రాజూ" అంది.

నేను పెట్టినాను. ఆ రెండు మాటలు ఇంకా లోపలికి పోలేదు, బయటే ఎక్కడో తచ్చాడుతున్నాయి. మూడు లక్షల నలభై వేలు. అంత డబ్బు తమ దగ్గర ఉందనే అతనికి తెలియదు. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీల పైసా పైసా కూడబెట్టిందట, ఇంటికి సైటు కొనాలని. వర్తూరులో ఆవులప్ప అనే ఆయన పొలాన్ని సైట్లు చేసి అమ్ముతున్నాడు. ఇరవై బై ముప్ఫై. పోయిన ఏడాది వెళ్ళినప్పుడు మూడున్నర లక్షలన్నాడట, ఆమె మిగతా పదివేలూ సర్దుకుని వెళ్ళేసరికి అయిదన్నాడు, దసరా నాటికి ఆరున్నర. "నేను ఎంత పరిగెత్తినా ఆ సైటు నాకంటే ముందు పరిగెత్తుతాంది రాజూ" అంది ఇందాక, తలుపు దగ్గరే నిలబడి, ఎవరికీ వినపడకుండా. అందుకని షేర్లలో పెట్టింది. ఆమె రూపాయికి తోడు బ్రోకరు రెండు రూపాయలు అప్పిచ్చాడు. మూడు లక్షల నలభై వేలతో పదిలక్షల రూపాయల షేర్లు. పెరిగితే మూడింతలు లాభం. పడితే ఏమవుతుందో నిన్న సోమవారం సాయంత్రం శ్రీనివాసప్ప ఫోను చేసి చెప్పాడు. ఇప్పుడు మార్కెట్టు తెరిచేలోగా ఇంకో నలభై అయిదు వేలు కట్టాలి. కట్టకపోతే తెరిచిన క్షణంలో ఆ షేర్లన్నీ అప్పుడున్న రేటుకు అమ్ముడైపోతాయి, బ్రోకరు తన అప్పు తీసుకుని మిగిలింది చేతిలో పెడతాడు, మిగిలితే. హ్యాండుబ్యాగులో రుమాలు మూట ఉంది. సిలువ లాకెట్టు గొలుసు, నాలుగు గాజులు. కింద బేకరీ పక్కనే బంగారం మీద అప్పిచ్చే దుకాణం. పదిన్నరకు దిగితే పని అయిపోతుందని ఆమె ముందే కనుక్కుని వచ్చింది. అన్నీ కనుక్కుంది. ఒక్కటే మిగిలింది, అతను చెప్పాలి. పెట్టమంటే పెడుతుంది. వద్దంటే మానుతుంది. "నీకు తెలుసు కదా" అంది. "నువ్వు చెప్పు, చాలు."

నాకు తెలుసా. తెరలో సిమెంటు కంపెనీ పేరు ఒకటి సగం కనపడి సగం ఆగిపోయి ఉంది. దాన్నే చూస్తున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట ఇలాంటి గదే, మెజెస్టిక్ దగ్గర, ఇంతకంటే ఇరుకు. రెండువేల సంవత్సరం, ఊరంతా సాఫ్ట్‌వేరు షేర్ల పేర్లు మంత్రాల్లా జపించే రోజులు. స్కూటరు అమ్మి, మార్త చీటీ పాడి, తొంభై వేలు పెట్టాడు. అది మూడు లక్షలైంది. మూడు లక్షలైన రోజు మార్తను హోటలుకు తీసుకుపోయి నాలుగేళ్ళ అక్షరకు ఐస్‌క్రీం తినిపించాడు, పాప గౌనంతా పూసుకుంది, ఎంత నవ్వారో. అమ్ముదామా అని మార్త అడిగితే, నీకు తెలీదు, ఇంకా ఉంది అన్నాడు. నీకు తెలీదు. ఆ మాట అన్న గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది, ఎవరో పరాయివాడి గొంతులా. ఏడాది తిరిగేసరికి పదకొండు వేలు మిగిలాయి. అప్పులు తీర్చడానికి మార్త రెండేళ్ళు పగలూ రాత్రీ డ్యూటీలు చేసింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అతను బైబిలు తెచ్చి, దాని మీద చెయ్యి పెట్టి, ఇక జన్మలో షేర్ల జోలికి పోను అనబోతే ఆమె పుస్తకం లాగేసుకుంది. "దేవుడి మీద వద్దు. ఆయన క్షమిస్తాడు. నా మీద వెయ్యి, నేను క్షమించను" అంది. నంద్యాల మిషన్ బడిలో ముందూ వెనకా బెంచీల్లో కూచుని చదువుకున్నవాళ్ళు, ఆమె మాట ఎప్పుడూ అలాగే ఉంటుంది, సూది గుచ్చినట్టు, కానీ గుచ్చాక నొప్పి తగ్గుతుంది. ఆమె తల మీద చెయ్యి వేశాడు. తడి జుట్టు, కొబ్బరినూనె వాసన. ఆ ప్రమాణం తప్పలేదు. అక్షరాలా తప్పలేదు. అదే కదా దరిద్రం.

తప్పకుండానే ఇంకో దారి వెతుక్కున్నాడు. రెండువేల నాలుగులో, ఒక సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక, జీతాల ఎక్సెల్ షీటు మూసి కొత్తది తెరిచాడు. మొదటి గడిలో పదిలక్షలు అని రాశాడు. లేని పదిలక్షలు. తేదీ, కంపెనీ పేరు, ఎన్ని షేర్లు, కొన్న రేటు, అమ్మిన రేటు, లాభనష్టాలు. లాభమైతే గడి దానంతటదే పచ్చబడేట్టు, నష్టమైతే ఎర్రబడేట్టు పెట్టుకున్నాడు. ఫైలుకు కరెంటు బిల్లులు అని పేరు పెట్టాడు, ఎవరూ తెరవకుండా. రోజూ పేపర్లో రేట్లు చూసి ఉత్తుత్తిగా కొనేవాడు, ఉత్తుత్తిగా అమ్మేవాడు. దాంట్లో ఎంత హాయి ఉండేదో ఎవరికి చెబితే అర్థమవుతుంది? బస్సులో నిలబడి ఇంటికి పోతూ, ఇవాళ పద్ధెనిమిది వేలు సంపాదించాను అనుకునేవాడు, లేని పద్ధెనిమిది వేలు, ఆ రోజు కండక్టరు చిల్లర ఎగ్గొట్టినా కోపం వచ్చేది కాదు. తర్వాత ఆ పంచదార కంపెనీ వచ్చింది. నెల రోజుల్లో ముప్ఫై ఎనిమిది వేలు పోయాయి. లేని డబ్బే. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు, మార్త నుదురు పట్టుకుని చూసి జ్వరం లేదే అంది. మర్నాడు సాయంత్రం ఆ ఎర్రగడిని చాలాసేపు చూశాడు. తర్వాత ఆ వరస మీద మౌసు పెట్టి తీసేశాడు. అంతే. కింది వరసలన్నీ ఒక్క మెట్టు పైకి జరిగి ఆ ఖాళీని పూడ్చేశాయి, మొత్తం దానంతటదే మారిపోయింది, పంచదార కంపెనీ అనేది అతని బతుకులో ఎన్నడూ లేనట్టే అయిపోయింది. ఒంట్లో ఏదో ముడి విప్పినట్టనిపించింది. ఎవరి సొమ్ము పోయింది? ఎవరికి అన్యాయం జరిగింది? ఇంకెప్పుడూ చెయ్యను, ఇదొక్కటే అనుకున్నాడు. వారం తిరక్కుండా ఇంకొకటి తీశాడు. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాడు. ఆఫీసులో ఒక గుమాస్తా జీతంలో పద్ధెనిమిది పైసల తేడా వస్తే రాత్రి ఎనిమిదింటిదాకా కూచుని పట్టుకునే మనిషి.

"ఏమప్పా, మీవి ఉండాయా, పొయినాయా?" వెనక కుర్చీలోంచి ముసలాయన ముందుకు వంగి అడిగాడు. రాజగోపాల్ తిరిగి చూశాడు. మంకీక్యాపు, చేతిలో మడత పెట్టిన కన్నడ పేపరు. "ఉండాయి" అంది మార్త, అతని బదులు. "ఉండనీ, ఉండనీ. నావి ఎప్పుడో పొయినాయమ్మా. హర్షద్ స్కాము టైములోనే" అని ముసలాయన నవ్వాడు, నోట్లో పళ్ళు రెండో మూడో. "మరి దినామూ ఎందుకొస్తావు సొన్నప్పా?" అని పక్కనున్నాయన అడిగితే, "సుమ్నే వస్తాను, ఊరికే. ఇంట్లో ఒక్కణ్ణే ఉండేకి అయ్యేల్లేదు. ఇక్కడైతే ఫ్యాను ఉండాది, టీవీ ఉండాది, మనుషులుండారు. ఎవురిదో ఒకరిది పోతాంటాది, ఎవురిదో వస్తాంటాది, చూస్తా ఉంటే పొద్దు పోతాది" అన్నాడు. మార్త కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూసి రాజగోపాల్‌కు ఇంకా భయమేసింది. ఈమె భయపడడం లేదు. నిన్నటి నుంచి నిద్రలేదు, మూడు లక్షల నలభై వేలు నిప్పుల మీద ఉన్నాయి, అయినా నవ్వగలుగుతోంది, ఎందుకంటే తను వచ్చాడు. పెద్ద డాక్టరు వార్డులోకి వచ్చాక నర్సు ముఖంలో కనపడే నిదానం అది. పది ఇరవై. చేతి గడియారం ప్రకారం ఇరవై, గోడ గడియారం ప్రకారం ఇరవై నాలుగు.

"నాకెట్ల దొరికిందో తెలుసా" అంది మార్త మెల్లగా, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే. పాప చదువు కోసమని రెండేళ్ళ కిందట సెకండ్‌హ్యాండు కంప్యూటరు కొన్నప్పుడు అతను ఆ ఫైలును కూడా ఇంటికి తెచ్చుకున్నాడు. పోయిన మార్చిలో కరెంటు బిల్లు రెండుసార్లు కట్టించుకున్నారేమోనని అనుమానమొచ్చి ఆమె కరెంటు బిల్లులు అనే ఫైలు తెరిచింది. "మొదట మండిపోయింది రాజూ. నువ్వు నిద్రపోతాండావు. లేపి తిడదామనుకున్నాను. కింద వరకు చూసినాక తెలిసింది, అంతా ప్రాక్టీసని. ఒక్క రూపాయి పెట్టలేదు నువ్వు. నాకిచ్చిన మాట కోసం. మూడేండ్లు, దినామూ రాసుకున్నావు, ఎవరికీ చెప్పకుండా. పదిలక్షలు నలభై ఒకటి చేసినావు, అన్నీ ఉత్తివే." ఆమె బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంది. "నాకు ఏడుపొచ్చింది. నువ్వు నేర్చుకున్నావు. ఒకసారి దెబ్బ తిని, కూచుని నేర్చుకున్నావు. నేనేమో నీ చేతులు కట్టేసి పెట్టినాను. మనకు ఇల్లు లేకపోయేది నా వల్లనే అనుకున్నాను." ఆ తర్వాత అతను పడుకున్న ప్రతి రాత్రీ, డ్యూటీ లేనప్పుడు, ఆమె లేచి ఆ ఫైలు చదివేదట, రోగి చార్టు చదివినట్టు, పై నుంచి కిందికి. చార్టులో అబద్ధం రాసే మనిషిని ఇంతవరకు చూడలేదు ఆమె, జ్వరం నూట నాలుగుంటే నూట నాలుగే రాస్తారు, ఎందుకంటే ఆ అంకె చూసే తర్వాతి డ్యూటీ నర్సు మందిస్తుంది. "నువ్వు ప్రమాణం చేసినావు కాబట్టి నువ్వు కొనలేవు. నేనేం ప్రమాణం చెయ్యలేదు కదా" అంది. "దసరా అయినాక నా పేరుతో ఖాతా తెరిచినాను. నువ్వు ఏది రాస్తే అది కొన్నాను. ఏది తీస్తే అది అమ్మినాను."

ఏది తీస్తే. ఆమె తీయడమంటే అమ్మడమనుకుంది. దసరా తర్వాత ఏవేవి రాశాడో గుర్తు చేసుకోవాలని చూశాడు, ఒక్కటీ స్పష్టంగా రాలేదు, ఎర్రబడినవి ఎప్పటికప్పుడు పోయాయి కదా, అవి పోతుంటే ఆమె ఏమనుకుని ఉంటుంది, రాత్రికి రాత్రి మాయమైన ఒక పేరు చూసి, అమ్మేశాడు కాబోలనుకుని పొద్దున్నే ఇక్కడికి వచ్చి ఆ నష్టానికే అమ్మి ఉంటుంది, ఆస్పత్రికి పోయే దారిలో, టిఫిను డబ్బా చేతిలో. అతను మౌసుతో ఒక వరస తుడిచిన ప్రతిసారీ ఈ గదిలో ఆమె డబ్బు నిజంగా తుడుచుకుపోయింది. అతను మాత్రం ఆ సాయంత్రాల్లో తేలిగ్గా ఇంటికి పోయి, పాపకు లెక్కలు చెప్పి, చపాతీలు ఒత్తిపెట్టాడు. చపాతీలు ఒత్తుతుంటే ఆమె వెనకనుంచి వచ్చి ఒకసారి వీపు మీద చెయ్యి వేసి ఊరికే నిలబడింది. ఏంది అంటే, ఏం లేదు అంది. అది నవంబరా, డిసెంబరా.

"నాకు ఒకటే అర్థం కాలేదు" అంది మార్త. ఇప్పుడు అతని వైపు తిరిగింది. "రెండువేల ఆరులో కూడా ఇట్లనే పడింది కదా, మే నెలలో. మా డాక్టర్లందరూ తలకాయలు పట్టుకున్నారు. నువ్వు మాత్రం పది రోజుల ముందే అన్నీ అమ్మేసినావు. నేను చూసినాను. మళ్ళీ జూన్లో, అంతా అయిపోయినాక, కింది రేటుకు కొన్నావు. అంత నిబ్బరంగా. అది చూసే నాకు ధైర్యమొచ్చింది. ఈసారి ఎందుకు ముందే అమ్మలేదు నువ్వు?"

ఎందుకు అమ్మలేదు. ఎందుకంటే ఈసారి సాయంత్రం ఇంకా రాలేదు. రెండువేల ఆరు మే నెలలో ఆ షీటు మొత్తం ఎర్రబడింది, నెత్తురు ఒలికినట్టు, పై నుంచి కిందిదాకా. పైన వచ్చినవన్నీ పోయాయి, పదిలక్షల్లోనూ సగం పోయింది. మూడు వారాలు దాన్ని తెరవలేదు. జూన్ నెలాఖర్లో తెరిచి, ఒక శనివారం మధ్యాహ్నమంతా కూచుని, పడినవన్నీ తీసేసి, మే మొదటివారం తేదీలు వేసి అమ్మినట్టు రాసుకున్నాడు, జూన్ పధ్నాలుగు తేదీ వేసి కొన్నట్టు రాసుకున్నాడు. అప్పటికి పాత పేపర్లు చేతిలో ఉన్నాయి, ఏ రోజు అడుగో, ఏ రోజు శిఖరమో చూసి మరీ. ఆ శనివారం ఎంత ప్రశాంతంగా ఉండిందో. బయట వాన, పాప పక్కన కూచుని బొమ్మలేసుకుంటోంది. ఆ నిబ్బరం చూసే ఆమెకు ధైర్యమొచ్చింది.

పది ముప్ఫై రెండు. పెట్టు అని చెప్పొచ్చు. పెరగవచ్చు కదా. ఇంత పడ్డాక పెరగదా, లోపల ఏదో పెరుగుతుందనే అంటోంది, గట్టిగానే అంటోంది, కానీ ఆ అనేది ఎవరు? పంచదార కంపెనీ కొనమన్నదీ అదే, నీకు తెలీదు, ఇంకా ఉంది అన్నదీ అదే. దాని మాట ఎన్నిసార్లు తప్పయిందో చూసుకుందామంటే లెక్క లేదు, లెక్క లేకుండా తానే చేసుకున్నాడు. లేదా వద్దు అని చెప్పొచ్చు, కారణం చెప్పకుండా. ఇప్పుడు లాభం లేదు మార్తా, వదిలెయ్ అని, ఆ పెద్ద డాక్టరు గొంతుతో. నమ్ముతుంది. బంగారం మిగులుతుంది, తన పరువూ మిగులుతుంది. ఇంటికి పోయి ఆ ఫైలు తీసి పారెయ్యొచ్చు. ఆమె మళ్ళీ అడగదు. ఎంత సులువు, ఒక వరస మీద మౌసు పెట్టినంత. నాలుక మీదికి వచ్చింది కూడా ఆ మాట. ఆమె రుమాలు మూట బయటికి తీసి, ఒళ్ళో పెట్టుకుని, ముడి గట్టిగా ఉందా లేదా చూస్తోంది. మణికట్టు మీద గాజులుండే చోట చర్మం తెల్లగా ఉంది.

"మార్తా."

"చెప్పు. పెట్టమంటావా, వద్దా? పదిన్నర దాటింది."

"ఆ షీటు నిజం కాదు."

"ప్రాక్టీసని నాకు తెలుసులే. దుడ్లు నిజం కాదు. తేదీలు నిజమే, రేట్లు నిజమే కదా."

"రేట్లు నిజమే." అతను తెర మీంచి కళ్ళు తిప్పి ఆమెను చూశాడు. "నష్టమొచ్చినవి తీసేసినాను."

ఆమెకు అర్థం కాలేదు. నవ్వబోయినట్టు ముఖం పెట్టింది. "తీసేసినావంటే? అమ్మినావా?"

"అమ్మలేదు. వరసకు వరస తుడిచేసినాను. రెండువేల ఆరులో నేను ముందే అమ్మలేదు. అంతా పోయింది. తర్వాత అమ్మినట్టు రాసుకున్నాను. అది చార్టు కాదు మార్తా. నాకేం తెలీదు. అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు."

ఆమె మూట ముడి మీంచి చేతులు తీసింది. కోపం వస్తుందని ఎదురుచూశాడు, కోపం వస్తే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుందనుకున్నాడు. రాలేదు. "ఎన్ని?" అంది.

"ఏమి?"

"ఎన్ని తుడిచినావు?"

"తెలీదు."

"ఎవరూ చూడనిదే కదా అది. నీకోసం నువ్వు రాసుకునేది. దాంట్లో అబద్ధం ఎవరికి చెప్పినావు రాజూ?"

ఆమె రుమాలు మూట విప్పింది. గాజులు ఒక్కొక్కటే వేళ్ళు దగ్గరికి నొక్కి ఎక్కించుకుంది, ఎడమ చేతికి రెండు, కుడి చేతికి రెండు. గొలుసు మెడ వెనక్కి పెట్టుకుంటే కొక్కెం పట్టలేదు, రెండు మూడుసార్లు జారింది. అతను సాయం చెయ్యబోయి చెయ్యి చాపాడు. ఆమె తల ముందుకు వంచింది, అతని చెయ్యి అందనంత. నాలుగోసారి కొక్కెం పడింది. తర్వాత ఇద్దరూ తెరవైపు తిరిగి కూచున్నారు, మిగిలిన పద్ధెనిమిది నిమిషాలూ, సినిమా మొదలుకావడానికి ఎదురుచూసేవాళ్ళలా. వెనకాల సొన్నప్ప ఎవరికో తన మోకాళ్ళ నొప్పి సంగతి చెబుతున్నాడు.

పదీ యాభై అయిదుకు అంకెలు కదిలాయి. కదలడం కదలడం ఇంకా కిందికే పోయాయి. గదిలో ఎవరో అయ్యో అన్నారు, ఎవరో లేచి నిలబడ్డారు. మార్త షేర్లు ఏ క్షణంలో పోయాయో తెరలో కనపడలేదు, అందరివీ పోతున్న గుంపులో అవీ పోయాయి. శ్రీనివాసప్ప ఒక కాగితం పట్టుకొచ్చి, ఆమె ముందు వంగి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. "మా చేతిలో ఏమీ లేదమ్మా, కంప్యూటరే అమ్మేస్తాది. మేము ఆపాలన్నా ఆగేల్లేదు" అన్నాడు. అతని కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. యాభై ఒక్క వేల చిల్లర మిగిలింది. చెక్కు వారంలో ఇంటికి వస్తుందన్నాడు. మార్త కాగితం పూర్తిగా చదివి, అచ్చంగా ఆస్పత్రి రిజిస్టరులో చేసినట్టు సంతకం కింద తేదీ, టైమూ వేసింది.

కింద బేకరీలో టీ తాగుదామా అని అతను అడిగాడు. వద్దంది. బస్‌స్టాపు దాకా ముందూ వెనకా నడిచారు. ఇంటివైపు పోయే హూడి బస్సు నిండి వచ్చింది. ఆమె ముందు తలుపున ఎక్కి ఆడవాళ్ళ సీట్లవైపు పోయింది, ఒక కాలేజీ అమ్మాయి ఆ తెల్లబూట్లు చూసి జరిగి చోటిచ్చింది. అతను వెనక తలుపున ఎక్కి కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. మనుషుల భుజాల మధ్యనుంచి ఆమె జడ, మెడ మీద గొలుసు కొక్కెం కనపడుతున్నాయి. మెడలో ఐడీ కార్డు వేలాడుతున్నవాడు ఒకడు ఆమె సీటు పక్కనే నిలబడి మొబైల్లో అరుస్తున్నాడు, బస్సంతా వినపడేట్టు. "అమ్మొద్దు, అమ్మొద్దు మచ్చా! రికవర్ అవుతోంది. బాటమ్ అయిపోయింది. ఓపెన్ అయిన అయిదు నిమిషాల్లోనే అయిపోయింది. ఇప్పుడు సర్రున పైకొస్తోంది చూడు. పొద్దున ఆగినవాడే మొనగాడు." రాజగోపాల్ కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. గొలుసూ గాజులూ పెట్టి ఉంటే. తను ఆ ఒక్క మాట చెప్పకుండా ఉంటే. పెట్టు అని ఉంటే, ఏమీ తెలియకుండానే, ఎప్పుడూ చెప్పినట్టే చెప్పి ఉంటే, ఈ పాటికి మూడు లక్షల్లో సగమన్నా దక్కి ఉండేది. నాలుగేళ్ళ అబద్ధం ఆమె సొమ్ము పోగొట్టింది, ఒక్క నిజం మిగిలింది కూడా పోగొట్టింది. ఏది చేసి ఉండాల్సింది, ఎప్పుడు, ఎక్కడినుంచి సరిచేస్తూ రావాలి, ఏ తేదీ నుంచి? ఆమెకు వినపడిందా? వినపడే ఉంటుంది, మొబైలువాడి మోచెయ్యి ఆమె తలకు తగులుతోంది. ఆమె మెడ కదల్లేదు. కిటికీలోంచి కుందలహళ్ళి గేటు దగ్గర సిమెంటు లారీల వరస, దుమ్ము, ఇంకా పైకప్పు పడని అపార్టుమెంటు, కడ్డీలు పైకి చాచి.

అప్పుడు ఆమె వెనక్కి తిరిగింది. ఇంతమంది తలల మధ్య అతన్ని వెతికి పట్టుకుంది. వినపడింది, ఇప్పుడు అడుగుతుంది, అందరి ముందూ అడిగినా సరే, అడిగితే బాగుండును.

"నాకు కూడా తీసుకున్నావా టికెట్టు?" అంది గట్టిగా.

తీసుకున్నానని తల ఊపాడు. ఎప్పుడైనా అయితే అంతటితో ఆమె ముందుకు తిరిగిపోయేది. ఇప్పుడు తిరగలేదు. అలాగే చూస్తోంది, కళ్ళ కింద నిద్రలేని నలుపు, ముఖంలో కోపమేమీ లేదు, ఊరికే చూస్తోంది. అతనికి ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. కడ్డీ వదిలి, చొక్కా జేబులోంచి రెండు టికెట్లూ తీసి, విడివిడిగా కనపడేట్టు వేళ్ళ మధ్య పట్టుకుని, మనుషుల తలల మీదుగా చెయ్యి పైకెత్తి చూపించాడు. బస్సు ఊగుతుంటే చెయ్యి కూడా ఊగింది. ఆమె చూసింది. ఒకటి, రెండు అని పెదవులు కదిలాయి. ఆ తర్వాత గానీ ముందుకు తిరగలేదు.